రేకు ముక్కతో మొదలైన ఉద్యోగం: స్కీ పెట్రోల్ కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక ఉద్యోగం చరిత్ర చెప్తాను. చలికాలం నాలుగైదు నెలలు మాత్రమే ఉండే ఉద్యోగం ఇది. షిఫ్ట్ తెల్లారకముందే మొదలవుతుంది. బ్యాగులో బ్యాండేజీలు, పార, ఒక్కోరోజు పేలుడు పదార్థం కూడా ఉంటుంది. దాని పేరు స్కీ పెట్రోల్.

నాకు ఈ టాపిక్ ఎందుకు తట్టిందంటే, సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు ఆన్‌సైట్ మీద కాలిఫోర్నియా వెళ్లాను. అక్కడి మనవాళ్ల వీకెండ్ ప్లాన్ మీకు తెలిసిందే కదా, చలికాలం వస్తే లేక్ టాహో. రూమ్మేట్స్‌తో నేనూ వెళ్లాను. లంబసింగి చలికే వణికిపోయిన బ్యాచ్ మాది. రెండు గంటలు నేర్చుకుని, మూడో గంటలో పెద్ద వాలు ఎక్కేశా. పడ్డాను. మోకాలు మెలిపడి లేవలేకపోయాను.

పది నిమిషాల్లో ఎర్ర జాకెట్‌లో ఒకమ్మాయి వచ్చింది. వెనకాల పడవలాంటి స్లెడ్జి. కాలు చూసి, కట్టు కట్టి, నన్ను అందులో పడుకోబెట్టి కిందికి తీసుకెళ్లింది. నేను అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? "దీనికి ఎంత బిల్లు అవుతుంది?" ఆమె నవ్వేసి, స్లెడ్జికి ఏమీ లేదంది. దారిలో మాటల్లో తెలిసింది, ఎండాకాలం ఆమె నదిలో రాఫ్టింగ్ గైడ్. ఆ ఊళ్లో అద్దె కట్టడానికి సాయంత్రం ఇంకో పని కూడా చేస్తోంది. నాకు ఆశ్చర్యమేసింది. నా ప్రాణం ఈమె చేతిలో ఉంది, ఈమెకి ఇంకో జాబ్ ఎందుకు కావాలి? ఆ ప్రశ్నకి జవాబు కోసం చరిత్ర చదివాను.

1936, కొత్త సంవత్సరం సెలవులు. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం, స్టో అనే ఊరు. చార్ల్స్ మైనాట్ డోల్ అనే ఇన్సూరెన్స్ వ్యాపారి, అందరూ మిన్నీ డోల్ అనేవాళ్లు, స్కీయింగ్ చేస్తూ పడి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. అప్పట్లో పడితే వచ్చేవాళ్లు లేరు. ఫోన్ చేయడానికి నంబర్ లేదు, స్లెడ్జి లేదు. ఫ్రాంక్ ఎడ్సన్ అనే ఫ్రెండ్ సాయం కోసం కిందికి వెళ్లాడు. డోల్ ఆ చలిలో అలాగే పడి ఉన్నాడు. చివరికి దొరికింది ఏంటంటే, ఇంటి కప్పు మీద వేసే రేకు ముక్క. దాని మీదే పడుకోబెట్టి ఈడ్చుకుంటూ దించారు.

ఇక్కడితో అయిపోలేదు. రెండు నెలలు తిరిగాయో లేదో, అదే ఫ్రాంక్ ఎడ్సన్ మసాచుసెట్స్‌లో ఒక స్కీ రేసులో చెట్లకి గుద్దుకుని చనిపోయాడు. తనని కాపాడిన ఫ్రెండే పోయాడు. డోల్ స్కీ ప్రమాదాల మీద ఒక కమిటీ పెట్టి, ప్రమాదాలు ఎలా జరుగుతున్నాయో వివరాలు సేకరించడం మొదలుపెట్టాడు. కొందరు వెక్కిరించారు, ఆట మజా పాడుచేస్తున్నారని. కానీ 1938లో స్టోలో జాతీయ పోటీలు జరిగినప్పుడు డోల్ ఏర్పాటు చేసిన పెట్రోల్ పనితీరు చూసి, జాతీయ స్కీ సంఘం అధ్యక్షుడు రోజర్ లాంగ్లీ "ఇది దేశమంతా పెట్టు" అన్నాడు. అలా పుట్టింది నేషనల్ స్కీ పెట్రోల్.

ఒక పాయింట్ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఇది వాలంటీర్ల సంస్థ. జీతం లేదు. ఆట మీద ప్రేమతో చేసే సేవ.

ఇప్పుడు కథలోకి యుద్ధం వస్తుంది. 1939-40 చలికాలంలో సోవియట్ సైన్యం ఫిన్లాండ్ మీదికి వెళ్లింది. స్కీల మీద తిరిగే ఫిన్నిష్ సైనికులు అంత పెద్ద సైన్యాన్ని మంచులో ముప్పుతిప్పలు పెట్టారు. అది చూసిన డోల్, మనకీ కొండల్లో, మంచులో పోరాడే సైన్యం కావాలని ప్రెసిడెంట్ రూజ్వెల్ట్‌కి ఉత్తరం రాశాడు. సైన్యం మొదట పెద్దగా పట్టించుకోలేదు. ఇతను వదల్లేదు. చివరికి ఒప్పుకున్నారు. రిక్రూట్‌మెంట్ పని స్కీ పెట్రోల్‌కే ఇచ్చారు. చేరాలంటే మూడు సిఫార్సు ఉత్తరాలు తేవాలి! మన క్యాంపస్ ప్లేస్‌మెంట్ కూడా అంత కష్టం కాదు.

అలా తయారైందే 10వ మౌంటెన్ డివిజన్. కొలరాడోలో దాదాపు 9,200 అడుగుల ఎత్తున ఉన్న క్యాంప్ హేల్‌లో ట్రైనింగ్. 1945 ఫిబ్రవరి 18 రాత్రి, ఇటలీలో రీవా రిడ్జ్ అనే నిటారు కొండని చీకట్లో ఎక్కి, పైనున్న జర్మన్లకి తెలియకుండా వాళ్ల ముందు ప్రత్యక్షమయ్యారు. ఆ కొద్ది నెలల యుద్ధంలో డివిజన్ దాదాపు 1000 మందిని పోగొట్టుకుంది.

బతికి తిరిగొచ్చినవాళ్లలో చాలామంది మళ్లీ కొండల్లోకే వెళ్లారు. అమెరికాలో స్కీ రిసార్టుల వ్యాపారం పెరగడంలో వీళ్ల పాత్ర చాలా పెద్దది. 1962లో మొదలైన వెయిల్ రిసార్టు వెనక ఉన్న పీట్ సైబర్ట్ ఈ డివిజన్‌వాడే. మాంటీ ఆట్‌వాటర్ అనే ఇంకో మాజీ సైనికుడు యూటా రాష్ట్రంలో ఆల్టాకి వెళ్లాడు. ఒకప్పటి వెండి గనుల ఊరు, అవలాంచ్‌లు చాలామందిని మింగిన ఊరు.

అవలాంచ్ అంటే ఏంటో సింపుల్‌గా చెప్తాను. ప్లేటులో పంచదార పోయండి. దాని మీద ఒక అట్టముక్క పెట్టండి. మెల్లగా వంచండి. ఒక దగ్గర అట్ట మొత్తం సర్రున జారిపోతుంది. మంచులోనూ అంతే. కింద పంచదారలా పొడిపొడిగా ఉండే బలహీనమైన పొర, పైన గాలి తెచ్చి గట్టిగా పేర్చిన పొర. ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద ఇది జరుగుతుంది. ఒక మనిషి బరువు చాలు ఆ అట్ట కదలడానికి. ఆగిన తర్వాత ఆ మంచు సిమెంటులా బిగుసుకుపోతుంది. మొదటి పది పదిహేను నిమిషాల్లో తవ్వి తీస్తేనే బతికే ఛాన్స్ ఎక్కువ.

అందుకే ఆట్‌వాటర్ ఐడియా ఏంటంటే, మనుషులు రాకముందే మనమే దాన్ని పడేద్దాం. బాంబులు వాడాడు. 1949లో మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఫ్రెంచ్ 75 మిల్లీమీటర్ల ఫిరంగితో కొండ మీదికి గుండ్లు పేల్చడం మొదలైంది. ఈరోజుకీ పెద్ద మంచు పడిన రాత్రి తర్వాత, పెట్రోలర్లు తెల్లారకముందే కొండెక్కి చేత్తో పేలుడు పదార్థం విసిరి వాలు పరీక్షిస్తారు. తొమ్మిదింటికి లిఫ్ట్ తెరుచుకునేసరికి మనకి కనిపించేది నున్నటి తెల్ల మంచు. వాళ్ల పని బాగా జరిగిందంటే ఏమీ జరగనట్టే ఉంటుంది. ప్రొడక్షన్ సపోర్ట్ చేసినవాళ్లకి ఈ బాధ తెలుసు. సర్వర్ పడకపోతే మనం ఉన్నట్టే ఎవరికీ తెలీదు. కాకపోతే అక్కడ పడేది సర్వర్ కాదు, మనిషి.

1982 మార్చి 31న టాహో దగ్గరే ఆల్పైన్ మెడోస్‌లో అది పడింది. తుఫాను వల్ల ఆరోజు కొండ స్కీయర్లకి మూసేశారు. అయినా అవలాంచ్ కింది బిల్డింగుల దాకా వచ్చింది. ఏడుగురు చనిపోయారు, అందులో రిసార్టు ఉద్యోగులూ ఉన్నారు. ఒక ఉద్యోగిని మాత్రం ఐదు రోజుల తర్వాత ప్రాణాలతో బయటికి తీశారు. ఆమె జాడ పట్టింది ఒక కుక్క.

ఇప్పుడు ఇందాక గుర్తుపెట్టుకోమన్న పాయింట్‌కి వద్దాం. సేవగా పుట్టిన పని, పెద్ద వ్యాపారంలో ఉద్యోగం అయింది. ఇప్పటికీ చాలాచోట్ల వాలంటీర్లు ఉన్నారు, కానీ పెద్ద రిసార్టుల్లో జీతం మీద పనిచేసేవాళ్లే ఎక్కువ. జీతం లెక్క మాత్రం పాత ఆలోచనలోనే ఉండిపోయింది. "నీకు ఇష్టమైన పనేగా, కొండ మీద ఉంటావుగా." ఈ మాట మనలో ఎంతమంది వినలేదు? ప్యాషన్ అనే మాట వాడి జీతం తగ్గించడం.

2024 డిసెంబర్ 27, సంవత్సరంలోనే అత్యంత రద్దీ వారం. యూటాలోని పార్క్ సిటీలో దాదాపు 200 మంది పెట్రోలర్లు సమ్మెకి దిగారు. మొదటి జీతం గంటకి 21 డాలర్ల నుంచి 23 చేయమన్నారు. ఒక్కరోజు టికెట్ దాదాపు 300 డాలర్లు ఉండే చోట అడిగింది రెండు డాలర్లు! కంపెనీ వేరే రిసార్టుల నుంచి మనుషుల్ని తెచ్చింది. అయినా కొండలో చాలా భాగం తెరవలేకపోయారు. లిఫ్టుల దగ్గర గంటల కొద్దీ లైన్లు, ఆ వీడియోలు అందరి ఫోన్లలో. జనవరి 8న ఒప్పందం కుదిరింది. మొదటి జీతం రెండు డాలర్లు పెరిగింది, సగటున నాలుగు డాలర్లు.

నాకు అర్థమైంది ఒక్కటే. కొండని ఎవరు తెరుస్తున్నారో, వాళ్లు ఆగినరోజే మనకి తెలిసింది. డోల్ రేకు ముక్క మీద పడుకుని నేర్చుకున్నది కూడా అదేగా. సాయం చేసేవాళ్లు లేనప్పుడే వాళ్ల విలువ తెలుస్తుంది. సేవ గొప్పదే. కానీ "సేవ" అనే మాటతో ఇంకొకరి అద్దె కట్టలేం.

మీలో గుల్మార్గ్ ట్రిప్ ప్లాన్ చేసేవాళ్లు ఉంటే ఒక్క మాట. తాడు కట్టి మూసిన చోటికి రీల్ కోసం వెళ్లకండి. ఆ తాడు ఊరికే కట్టలేదు, ఎవరో పొద్దున్నే లేచి, ఆ వాలు చూసి కట్టారు. వాళ్లు కనిపిస్తే థ్యాంక్స్ చెప్పండి. నేను ఆరోజు నొప్పిలో చెప్పలేదు, బిల్లు గురించే అడిగాను. అందుకే ఈ ఎపిసోడ్.

మీ ఉద్యోగంలో కూడా కనిపించని పని ఏదైనా ఉంటే కామెంట్‌లో రాయండి, అన్నీ చదువుతాను. ఉంటాను మరి.