ఊపిరి ముందా, గుండె ముందా?

1848 జనవరిలో ఇంగ్లండులోని న్యూకాసిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయి కాలిగోరు తీయించుకోవడానికి కూర్చుంది. క్లోరోఫామ్ పీల్పించారు. కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోయింది. ఎడిన్‌బరోలో సింప్సన్ అనే వైద్యుడు ఆ మందును మత్తుకు వాడటం మొదలుపెట్టి అప్పటికి మూడు నెలలైనా కాలేదు.

ముందు ఆగింది ఊపిరా, గుండెకాయా? నాడి మీద వేలు తీయొద్దని లండన్ వైద్యులన్నారు. నాడి జోలికి పోవద్దు, ఊపిరి చూస్తే చాలన్నారు ఎడిన్‌బరోలో సర్జన్ జేమ్స్ సైమ్ శిష్యులు. నలభై ఏళ్లు నలిగిన ఆ తగవు చివరికి హైదరాబాద్ చేరింది.

తెచ్చినవాడు ఎడ్వర్డ్ లారీ. బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్, హైదరాబాద్ మెడికల్ స్కూల్ పెద్ద, సైమ్ మాట మీద గురి ఉన్న మనిషి. 1888లో 141 కుక్కల మీద పరీక్షలు చేయించి, ముందు ఆగేది ఊపిరేనని తేల్చాడు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. దాంతో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌన్లిచ్చి, మీ మనిషినే పంపి చూసుకోండన్నాడు. 1889లో లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు వచ్చాడు. ఆయన అప్పటిదాకా గుండె పక్షం!

ఈసారి కుక్కలతో పాటు కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు. లెక్క నాలుగు వందలు దాటింది. ఈ రోజుల్లో చదివితే మనసు చివుక్కుమంటుంది. మత్తులో ఉన్న జంతువు ధమనికి గొట్టం కలిపితే, రక్తపోటు ఎక్కడం దిగడం కాగితం మీద గీతలుగా పడేది. మందు పెరిగేకొద్దీ మెదడు అడుగున ఉన్న శ్వాసకేంద్రం మొద్దుబారుతుంది, ఛాతీ కదలిక ఆగుతుంది. గుండె మాత్రం ఇంకాసేపు కొట్టుకుంటూనే ఉంటుంది. కానీ ఊపిరితిత్తుల్లోకి కొత్త గాలి రాకపోతే గుండె తిప్పే రక్తంలో ఆక్సిజన్ తరిగిపోతుంది, చివరికి అదీ ఆగుతుంది. ఆలోగా కృత్రిమ శ్వాస అందిస్తే బతికించవచ్చు. బ్రంటన్ పక్షం మారాడు.

లారీ మెడికల్ స్కూల్లో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీకి క్లోరోఫామ్ ఇవ్వడంలో చేయి తిరిగింది. ప్రపంచపు తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఆమె పేరు చెబుతారు. నిజానికి ఆ పరీక్షల వల్ల ఊరికి మిగిలిన మంచిపేరులో సగం ఆమెదే.

లారీ గెలిచాననే అనుకున్నాడు. ఆపరేషన్ బల్లల మీద చావులు మాత్రం ఆగలేదు. 1911లో లండన్ వైద్యుడు ఏ.జి. లెవీ పిల్లుల మీద వేరే సంగతి చూపించాడు. మత్తు ఎక్కువైనప్పుడు కాదు, పలచగా ఉన్నప్పుడు అడ్రినలిన్ తోడైతే గుండె కింది గదులు లయ తప్పి గిలగిల వణుకుతాయి. రక్తాన్ని నెట్టడం ఉన్నపళంగా ఆగిపోతుంది. కుక్కలకు మందు పెంచుకుంటూ పోయి చూసినవాళ్లకు ఇది దొరికే దారి తక్కువ. భయం వేసినా ఒంట్లో అడ్రినలిన్ ఊరుతుంది. ఆ రోజు హన్నా ఆపరేషనంటే ఏడుస్తూనే ఉంది.