బాలల బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ లీగులు: స్వచ్ఛంద సేవ, మైదానాల అభివృద్ధి

ఒక ఊరి పిల్లలనో పేట పిల్లలనో వయసులవారీగా జట్లు కట్టించి, సీజను పొడవునా ఆడించే స్థానిక సంఘాన్ని బాలల బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ లీగు అంటారు. జీతగాళ్ల మీద కాక తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పాత ఆటగాళ్ల శ్రమ మీద నడవడం దీని ముఖ్య లక్షణం. శిక్షణ, అంపైరింగ్‌లతోపాటు మైదానాన్ని తీర్చిదిద్దడం కూడా ఈ సేవలో భాగమే. గ్రౌండును ఏటేటా చూసుకునే మనుషులు ఉన్నచోటే పిల్లల ఆట నిలుస్తుంది.

చరిత్ర

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, విలియమ్స్‌పోర్ట్‌లో 1939లో కార్ల్ స్టాట్జ్ మూడు జట్లతో లిటిల్ లీగ్‌ను ప్రారంభించాడు. స్థానిక వ్యాపారులు జట్ల ఖర్చు భరించారు. అంతకుముందు ఏడాది పేటలోని పిల్లలను పరుగెత్తించి చూసి, వాళ్ల కాళ్లకు తగిన కొలతలను ఆయన వెతికాడు. పెద్దల ఆటలో బేస్‌ల మధ్య 90 అడుగులుంటే, లిటిల్ లీగ్‌లో 60 అడుగులే ఉంటాయి. 1947లో తొలి పెద్ద టోర్నమెంటు జరిగింది. న్యాయపోరాటం ఫలితంగా 1974లో బాలికలకు ప్రవేశం దొరికింది. సాఫ్ట్‌బాల్ విభాగమూ అదే ఏడాది మొదలైంది. వికలాంగ బాలల కోసం 1989లో చాలెంజర్ విభాగం వచ్చింది. 2001లో విలియమ్స్‌పోర్ట్‌లో కట్టిన రెండో స్టేడియానికి స్వచ్ఛంద సేవకుల గౌరవార్థం వాలంటీర్ స్టేడియం అని పేరు పెట్టారు.

సేవకుల బాధ్యతలు

స్థానిక లీగుకు అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, భద్రతాధికారి ఉంటారు. వీళ్లెవరూ జీతం తీసుకోరు. కోచ్‌లు, అంపైర్లు, స్కోరర్లు, గ్రౌండు పనివారు వీరికి తోడవుతారు. స్కోరరు పని లెక్క రాయడంతో ఆగదు. 2007 నుంచి లిటిల్ లీగ్‌లో పిచ్చర్ రోజుకు ఎన్ని బంతులు విసరవచ్చో పరిమితి ఉంది: 11–12 ఏళ్లవారికి 85, 9–10 ఏళ్లవారికి 75. ఆ లెక్క తప్పితే దెబ్బతినేది పిల్లవాడి మోచెయ్యి, భుజం.

పిల్లలతో మెలిగే సేవకుల పూర్వచరిత్ర పరిశీలన 2003 నుంచి లిటిల్ లీగ్‌లో తప్పనిసరి. మన దేశంలో పిల్లలపై లైంగిక నేరం జరిగినట్టు తెలిసినవారు ఫిర్యాదు చేసి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం నిర్దేశిస్తోంది. సేవాభావం ఎంత ఉన్నా ఈ జాగ్రత్తలకు మినహాయింపు ఉండకూడదు.

మైదానం తయారీ

బ్యాటర్ పక్కన నిలిచి ఆడే హోమ్ ప్లేట్ నుంచి రెండో బేస్‌కు 84 అడుగుల 10 అంగుళాలు కొలిచి మేకు దిగ్గొడతారు. ఆ రెండు చోట్ల నుంచి 60 అడుగుల చొప్పున పట్టిన టేపులు కుడిపక్క కలిసేచోట మొదటి బేస్, ఎడమపక్క కలిసేచోట మూడో బేస్ వస్తాయి. హోమ్ ప్లేట్ నుంచి పిచ్చర్ మీదుగా రెండో బేస్‌కు వెళ్లే గీత ఈశాన్యానికి కాస్త తూర్పుగా ఉంటే మంచిది. సాయంత్రపు ఎండ బ్యాటర్ కళ్లలో పడదు. లిటిల్ లీగ్ బేస్‌బాల్‌లో పిచ్చర్ నిలిచే దిబ్బ ఆరంగుళాల ఎత్తుంటుంది. సాఫ్ట్‌బాల్‌కు దిబ్బ ఉండదు కాబట్టి మామూలు స్కూలు గ్రౌండును దానికి మలచుకోవడం తేలిక.

గీతలకు తడిసున్నం, పొడిసున్నం వాడితే కళ్లు, చర్మం కాలే ప్రమాదముంది. రాతిని పొడిచేసిన ముగ్గుపిండి అంతకన్నా క్షేమం. బేస్ దగ్గరికి జారివచ్చిన పిల్లల చీలమండలు విరగకుండా, తగలగానే ఊడివచ్చే బేస్‌లు వాడతారు. వాన వెలిసిన వెంటనే చీపురుతో నీళ్లను పక్కకు తోస్తే మట్టి కూడా పోయి, బేస్‌ల దగ్గర గుంతలు పడతాయి. నిలిచిన నీటిని స్పాంజితోనో గుడ్డతోనో పీల్చి, పొడిమట్టి చల్లి, దిమ్మిసతో కొట్టాలి. ఒక పూట ఇలా శ్రద్ధ పెడితే సీజనంతా గ్రౌండు దక్కుతుంది.

భారతదేశంలో

స్కూల్ గేమ్స్ పోటీల్లో ఈ రెండు ఆటలూ ఉన్నాయి. మణిపూర్‌లో స్థానికుల ఉత్సాహానికి ఫస్ట్ పిచ్ అనే అమెరికన్ స్వచ్ఛంద ప్రయత్నం తోడై, అక్కడి కోచ్‌లకు శిక్షణ అందింది. ఆ కథను ‘ది ఓన్లీ రియల్ గేమ్’ అనే డాక్యుమెంటరీ చూపించింది. తెలుగునేలపై అనంతపురం గొప్ప ఉదాహరణ. 1969లో అక్కడికి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, దాతల విరాళాలతో అనంతపురం స్పోర్ట్స్ విలేజ్‌ను నడుపుతోంది. హాకీ, ఫుట్‌బాల్, టెన్నిస్‌లతోపాటు సాఫ్ట్‌బాల్‌లోనూ అక్కడ పల్లె పిల్లలు శిక్షణ పొందుతున్నారు. కరువు సీమలో మైదానాలు వెలిశాయంటే, ఆట పేదపిల్లల హక్కని నమ్మినవారు ఉండడమే కారణం.

సామల్పట్టి పరిసరాల్లో అవకాశాలు

సామల్పట్టి తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా ఊత్తంగరై తాలూకాలో, జోలార్‌పేట–సేలం రైలుమార్గం మీద ఉంది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో తెలుగు మాట్లాడేవారు ఎక్కువ. ఇలాంటి ఊళ్లలో లీగు పెట్టాలంటే కొత్త స్థలం కొననక్కర్లేదు. బడి గ్రౌండు, పీఈటీ మాస్టారు, పూర్వ విద్యార్థుల సంఘం, కొన్ని ఆదివారాల శ్రమదానం ఉంటే చాలు. ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. అందుకే నీళ్లు పోయే కాలువలు ముందే తవ్వుకుని, సంక్రాంతి తరవాత ఆటలు మొదలుపెట్టడం అనువుగా ఉంటుంది.

చందా డబ్బు కొద్దిగానే ఉన్నప్పుడు ఏది ముందన్నది ముఖ్యం. మొదట నేల చదును, రాళ్ల ఏరివేత. తరవాత హోమ్ ప్లేట్ వెనక వల, హెల్మెట్లు, ప్రథమ చికిత్స పెట్టె. ఆపైన తాగునీరు, నీడ. బాలికలకు మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది కూడా మొదటి ఏడాదే కట్టాలి. అవి లేకపోతే ఎదిగే వయసులో ఆడపిల్లలు ఆట మానేస్తారు. ఫ్లడ్‌లైట్లు, గ్యాలరీలు ఆ తరవాతి మాట. కట్టిన ప్రతిదానికీ మరమ్మతు చూసే మనిషిని, కొంత నిధిని అదే సమావేశంలో నిర్ణయించుకున్న సంఘం పదేళ్ల తరవాత కూడా పిల్లలను ఆడించగలుగుతుంది.