ఆన్‌లైన్ ఆటల ఖాతా సమాచారం: నిల్వ, తొలగింపు

ఆన్‌లైన్ ఆటలో ఖాతా తెరిచినప్పుడు, ఆడుతున్నప్పుడు, డబ్బు కట్టినప్పుడు ఆటగాడి గురించి నిర్వాహక సంస్థ దగ్గర పోగయ్యే వివరాలను ఖాతా సమాచారం అంటారు. పేరు, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ, ఫోన్ గుర్తింపు సంఖ్య, ఉన్న చోటు, గెలుపోటములు, కొనుగోళ్లు, తోటి ఆటగాళ్లతో సాగిన మాటలు ఇందులోకి వస్తాయి. డబ్బు పెట్టి ఆడే ఆటలైతే పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు కూడా చేరతాయి. వీటిని ఎన్నాళ్లు దాచాలి, ఎప్పుడు చెరిపేయాలి అన్నది చాలాకాలం సంస్థల ఇష్టానికే వదిలేశారు. తెలంగాణలో ఆన్‌లైన్ డబ్బు ఆటలపై నిషేధం 2017లో వచ్చింది. ఆటగాడు తన వివరాలు చెరిపేయమని అడగగల హక్కు మాత్రం 2023లో గానీ చట్టానికి ఎక్కలేదు. నిషేధంతో మూతబడ్డ ఖాతాల సమాచారం ఏమవ్వాలో ఈ రెండు చట్టాల మధ్య కాలంలో ప్రత్యేకంగా చెప్పిన చట్టం లేదు.

తొలి దశ

ఒకేసారి పలువురు ఆడే కంప్యూటర్ ఆటల్లో తొలితరానిది మడ్. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా దీన్ని మొదలుపెట్టగా, రిచర్డ్ బార్టిల్ ముందుకు తీసుకెళ్లాడు. ఇలాంటి ఆటల్లో ఆటగాడి పాత్ర, సాధించిన పాయింట్లు దాచడం ఆట సాగడానికే అవసరం. ఆటలు వ్యాపారమయ్యాక చిరునామాలు, కార్డు నంబర్లు, అలవాట్లు కూడా దాచే వివరాల్లోకి చేరాయి.

పోగుచేసిన సమాచారం ఎంత ప్రమాదమో 2011 ఏప్రిల్‌లో ప్రపంచానికి తెలిసొచ్చింది. సోనీ ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లోకి చొరబాటుదారులు ప్రవేశించడంతో సుమారు 7.7 కోట్ల ఖాతాల వివరాలు బయటపడ్డాయి. 2019లో ఫామ్‌విల్ తయారీ సంస్థ జింగా కూడా పెద్ద చోరీకి గురైంది. ఎప్పుడో ఆడి మానేసినవారి వివరాలు కూడా సర్వర్‌లో ఉన్నంతకాలం దొంగకు అందుబాటులో ఉన్నట్టే. తొలగింపు గురించిన వాదనకు అసలు బలం ఇదే.

హైదరాబాద్ రమ్మీ

తెలుగు నేలపై ఈ చరిత్ర పేకాటతో ముడిపడి ఉంది. 1963లో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌పై పోలీసులు దాడి చేశారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రమ్మీలో నైపుణ్యానిదే ప్రధాన పాత్ర అని 1967 నవంబరులో తీర్పు వచ్చింది. తర్వాతి కాలంలో ఆన్‌లైన్ రమ్మీ సంస్థలు ఈ తీర్పునే ఆసరా చేసుకున్నాయి. హైదరాబాద్ కేంద్రంగా 2006లో ఏర్పడిన సంస్థ నడిపిన ఏస్‌2త్రీ వాటిలో ముందువరుసలో నిలిచింది. దాని ఇప్పటి పేరు ఏ23.

2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని ఆర్డినెన్సుతో సవరించి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది. అదే ఏడాది అది చట్టమైంది. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ కూడా ఆర్డినెన్సు తెచ్చింది. అప్పుల పాలైన కుటుంబాల గోడు ఈ చట్టాల వెనుక ఉంది. వాటి ఉద్దేశంలో తప్పుపట్టాల్సింది లేదు.

తిమ్మాజిపేట నుంచి చూస్తే

నిషేధం అమలు కావాలంటే ఆటగాడు ఎక్కడున్నాడో సంస్థకు తెలియాల్సి వచ్చేది. నాగర్‌కర్నూల్ జిల్లా తిమ్మాజిపేటలో ఒకరు రమ్మీ యాప్ తెరిస్తే ముందుగా లొకేషన్ అనుమతి అడిగేది. ఫోన్ తెలంగాణలో ఉందని తేలితే డబ్బు బల్లలు తెరుచుకునేవి కావు. జోగులాంబ గద్వాల జిల్లా నుంచి సరిహద్దు దాటి కర్ణాటకలోని రాయచూరు వెళ్తే వర్తించే నిబంధన మారిపోయేది. అందుకే ఇలాంటి తనిఖీ ఒక్కసారితో ముగిసేది కాదు. ఆడనివ్వకుండా ఆపడానికి కూడా ఆటగాడి కదలికలను తెలుసుకోవాల్సి వచ్చింది. ఆట ఆపిన చట్టం, ఆ కదలికల సమాచారం ఎప్పుడు చెరిపేయాలో చెప్పలేదు.

పాత వివరాలు తప్పులుగా మిగిలిపోవడం మరో చిక్కు. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగేదాకా తిమ్మాజిపేట మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. అంతకుముందు తెరిచి మళ్లీ ముట్టని ఖాతాలో పాత జిల్లా పేరే ఉంటుంది. సమాచారాన్ని సరిదిద్దమని అడిగే హక్కు, చెరిపేయమని అడిగే హక్కు చట్టంలో పక్కపక్కనే ఉండటానికి ఇలాంటి అవసరాలే కారణం.

పబ్‌జీ ఉదంతం

పల్లెల దాకా పాకిన ఆట పబ్‌జీ మొబైల్. 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో ఇది ఒకటి. వినియోగదారుల సమాచారం అనుమతి లేకుండా విదేశీ సర్వర్లకు చేరుతోందన్న ఫిర్యాదులను ప్రభుత్వం కారణంగా చూపింది. అక్టోబరు 30న దేశంలో ఆట పూర్తిగా ఆగింది.

2021 జూలై 2న క్రాఫ్టన్ సంస్థ బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియాను విడుదల చేసింది. పాత ఆటలోని పాత్రలు, దుస్తులు, కొనుగోళ్లను కొత్త ఖాతాలోకి తెచ్చుకునే వీలు కల్పించింది. ఆటగాడు తన అంగీకారం తెలపాలి, పాత ఖాతాకు వాడిన సోషల్ మీడియా లాగిన్‌తోనే రావాలి. ఈ బదిలీకి ఇచ్చిన గడువు 2021 డిసెంబరు 31తో ముగిసింది. ఆట ఆగి ఎనిమిది నెలలైనా ఖాతాలు చెక్కుచెదరకుండా ఉన్నాయని ఈ బదిలీయే రుజువు చేసింది. పిల్లలకు ఆ బదిలీ సంబరం. ఆట నిషేధమైతే సమాచారం కూడా పోయిందనుకున్నవారికి అది హెచ్చరిక.

పిల్లల సమాచారం

ఆడేవారిలో పిల్లలు కూడా ఉండటంతో కఠిన చర్యలు కొన్ని వారి కోసమే వచ్చాయి. అమెరికాలో 13 ఏళ్లలోపు పిల్లల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 1998లోనే చట్టం చేశారు. దాన్ని ఉల్లంఘించినందుకు ఫోర్ట్‌నైట్ తయారీ సంస్థ ఎపిక్ గేమ్స్ 2022 డిసెంబరులో 27.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. 2023 జూన్‌లో మైక్రోసాఫ్ట్ 2 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. ఎక్స్‌బాక్స్ ఖాతా తెరవడం మొదలుపెట్టి తల్లిదండ్రుల అనుమతి దగ్గర ఆగిపోయిన పిల్లల వివరాలను కూడా ఏళ్ల తరబడి ఉంచుకుందన్నది అందులో ఒక ఆరోపణ. అనుమతి రాకపోతే అలాంటి వివరాలను రెండు వారాల్లో చెరిపేయాలని ఆదేశించారు.

2023 నాటి భారత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, ఆ అనుమతి నిజమైనదేనని సంస్థ నిర్ధారించుకోవాలి.

తొలగించినా మిగిలేవి

ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే ఖాతా పోదు. యాప్ మాత్రమే పోతుంది. ఖాతా తొలగించమని విడిగా కోరాలి. కోరిన వెంటనే కూడా సాధారణంగా చెరపరు. స్టీమ్ 30 రోజులు ఆగుతుంది. మైక్రోసాఫ్ట్ 30 లేదా 60 రోజుల్లో ఒకటి ఎంచుకోమంటుంది. ఈలోగా మనసు మార్చుకోవచ్చు. యాపిల్ 2022 జూన్ 30 నుంచి ఖాతా తొలగింపు సదుపాయం యాప్‌లోనే ఉండాలని షరతు పెట్టింది. గూగుల్ ప్లే కూడా 2023లో ఇలాంటి నియమమే ప్రకటించింది.

గడువు దాటాక కూడా కొన్ని వివరాలు చట్టబద్ధంగానే మిగులుతాయి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఖాతా రద్దయ్యాక 180 రోజులు నమోదు వివరాలు ఉంచాలి. జీఎస్టీ చట్టం కింద లెక్కల పుస్తకాలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు, కంపెనీల చట్టం కింద ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు భద్రపరచాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆన్‌లైన్ ఆటల నికర గెలుపుపై 30 శాతం పన్ను కోతపెట్టాలి కనుక పాన్‌తో ముడిపడిన లావాదేవీలు అంత త్వరగా పోవు. డబ్బు పెట్టి ఆడినవారి జాడ మామూలు ఆటగాళ్ల జాడ కంటే ఎక్కువకాలం నిలవడానికి కారణం ఇదే.

కొత్త చట్టం

గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చింది. ఆ పునాది మీద 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అంగీకారం వెనక్కి తీసుకున్నా, అవసరం తీరిపోయినా సమాచారాన్ని చెరిపేయాలని అది చెబుతుంది. మరో చట్టం ఉంచమన్న సమాచారానికి మినహాయింపు ఉంది. భద్రతలో విఫలమైతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించవచ్చు.

2025 నవంబరులో వెలువడిన నిబంధనలు ఆటల సంస్థలను పేరు పెట్టి ప్రస్తావించాయి. దేశంలో 50 లక్షలు, ఆపైన నమోదిత వినియోగదారులున్న ఆటల సంస్థ, మూడేళ్లపాటు తన వైపు రాని వ్యక్తి సమాచారాన్ని తొలగించాలి. దానికి కనీసం 48 గంటల ముందు ఆ వ్యక్తికి తెలపాలి. ఖాతాలోకి తిరిగి రావడానికీ, అందులో మిగిలిన, డబ్బుగానో వస్తువులుగానో మారే టోకెన్లను వాడుకోవడానికీ కావలసిన వివరాలకు ఈ గడువు వర్తించదు. దర్యాప్తు వంటి అవసరాల కోసం కొన్ని వివరాలను కనీసం ఏడాది ఉంచాలన్న నిబంధన కూడా ఉంది. ఈ బాధ్యతల్లో అధిక భాగం 2027 మే నుంచి అమలులోకి వస్తుంది.

ఈ నిబంధనలు రాకముందే 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు ఆటలను దేశమంతటా నిషేధించింది. డ్రీమ్11 వంటి సంస్థలు డబ్బు పోటీలు ఆపేశాయి. ఏ23 సంస్థ కర్ణాటక హైకోర్టును ఆశ్రయించింది. వివిధ హైకోర్టుల్లోని ఇలాంటి పిటిషన్లను సుప్రీంకోర్టు తనకు బదిలీ చేసుకుంది. మూతబడ్డ ఖాతాల సమాచారం ఏమవ్వాలని 2017లో తెలంగాణలో తలెత్తిన ప్రశ్న ఇలా దేశమంతటి ప్రశ్న అయింది.

ఆటగాళ్లు చేయదగినవి

ఆడటం మానేసినవారు ముందుగా ఖాతాలో మిగిలిన సొమ్ము తీసుకోవాలి. పన్ను కోత పత్రాలు దాచుకోవాలి. తర్వాత యాప్‌లోని ఖాతా తొలగింపు సదుపాయం వాడి, సంస్థ పంపిన జవాబును భద్రపరచుకోవాలి. పిల్లల ఖాతాల విషయంలో ఈ పని తల్లిదండ్రులే పూనుకుని చేయాలి. చట్టం హక్కు ఇచ్చింది. అడిగినవారికే అది అక్కరకొస్తుంది కనుక, ఆడని ఆటల ఖాతాలు ఏమేం ఉన్నాయో ప్రతి ఇంట్లోనూ ఒకసారి చూసుకోవాలి.