మజిలీ వంటలు

సంగారెడ్డికి సమీపముననున్న ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో దుర్గాభవానికి మొక్కు చెల్లింప వచ్చిన కుటుంబము అమ్మవారిని దర్శించి వెంటనే మరలిపోవుట అరుదు. బోనము సమర్పించి, యాటను కోసి, చెట్టునీడ చూచుకొని, మూడు రాళ్లపై గిన్నె నెక్కించి, వండుకొని తిని, చుట్టపక్కములకు పెట్టి, పొద్దు వాలిన పిదప గాని వారు బండి కట్టరు. దూరదేశమగు వేల్సు సముద్రతీరమున నేడు సంసారులు విడిది యిల్లు అద్దెకు గొని, పెన్‌క్లాద్ ఇసుకతిన్నెలలో ఏరిన కాకిల్సు అను చిన్న ఆల్చిప్పలను, గంటల కొలది యుడికించి ముద్దచేసిన సముద్రపు నాచును తామే వండుకొని తినుచు సెలవులు గడుపుట గొప్ప వేడుకగా నెంచుదురు. మనవారికి ఈ వేడుక వేడుకగా గాక అవసరముగా ఆరంభమైనది. దాని కథ తీరికగా నడిగి తెలిసికొనదగినది.

పూర్వము వండిపెట్టు ఇండ్లు లేకపోలేదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామములో ఓరుగంటి వీథులు తిరుగు మిత్రులిద్దరు రూక యిచ్చి పూటకూటి యింట కమ్మని భోజనము చేయుదురు. అయితే అది రాజధాని. నగరము గడప దాటిన బాటసారికి పూటకూళ్లమ్మ ఎదురగుట దుర్లభము. ఎదురైనను ఆమె చేతి కూడు తినుటకు కులము అడ్డము వచ్చునేమో యను శంక వెన్నాడుచుండెడిది. కావున పయనమనగా బియ్యపు మూటయు, చింతపండును, ఇత్తడి గిన్నెయు వెంట నుండవలసినదే.

ఈ విధమైన ప్రయాణమునకు మన భాషలో మహోపకారియైన సాక్షి ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసిగా నుండిన ఆయన 1830 మే 18వ తేదీన పల్లకీ బోయీలతో, డేరాలతో, కావళ్లతో, పెద్ద పరివారముతో కాశికి బయలుదేరి, తిరుపతి, శ్రీశైలము, హైదరాబాదు, నిర్మల, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశి చేరి, గయ, కలకత్తా, పూరీ మార్గమున తిరిగి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు ఆయన వ్రాసి పంపిన వృత్తాంతమే 1838లో ముద్రితమైన కాశీయాత్రచరిత్ర. అందు గుడి గోపురముల వర్ణన యెంత గలదో, ఈ మజిలీలో నీళ్లు మంచివా కావా, కోమటి అంగడి కలదా, దిగుటకు చావడి యున్నదా యను విచారమును అంతే కలదు. పండితులు దానిలో దేశచరిత్రను వెదకుదురు; నాకు మాత్రము అది వంటవాని కంటితో వ్రాసిన దారిపటముగా దోచును. నూరుమందికి పూటపూటకు పొయ్యి రాజేయవలసిన గృహస్థు బావి నీటి రుచి వ్రాయక మరేమి వ్రాయును?

ఆ కాలపు సత్రములు అన్నియు అన్నము పెట్టునవి కావు. పెక్కింట నీడయు నీరును మాత్రమే లభించుచు, వంట యాత్రికుని పాలబడుచుండెను. వచ్చినవారికెల్ల వండి వడ్డించిన గోదావరి లంకల డొక్కా సీతమ్మవంటి పుణ్యస్త్రీలు (1841–1909) అట్టి దేశమున ఎందుకు దైవసమానలైరో ఊహింపవచ్చును. ఇక స్వయంపాకమునకు మూలమైన మడి సంగతి పొగడదగినది కాదు. ఒకరి కుండను వేరొకరు తాకరాదను నియమము ఎంతమందిని సత్రపు అరుగునకు ఆవలనే నిలిపినదో కాశీయాత్రలు చెప్పవు.

1874లో వాడి నుండి సికిందరాబాదునకు రైలు నడచిన పిదప, వారముల దారి గంటలకు కుదించుకొనిపోగా, మజిలీ పొయ్యి క్రమముగా చల్లారెను. హోటళ్లు దాని పని నెత్తుకొనెను. జాతరలలో మాత్రము చల్లారలేదు. మంజీర ఏడు పాయలుగా చీలిన చోట వెలసిన ఏడుపాయల వనదుర్గ సన్నిధిని శివరాత్రి జాతరకు వచ్చువారు నేటికిని గుడారములు వేసికొని వండుకొందురు. ఇక్కడ మడి లేదు, వంతు కలదు: ఒకరు ఉల్లిగడ్డలు తరుగ, ఒకరు కట్టెలు తేగా, ముసలమ్మ ఉప్పు చూచును. స్వయంపాకములో నాకు నచ్చిన శాఖ ఇదియే.

వంటకమును మారినది. మెదకు సీమలో పూర్వము నిత్యాన్నము జొన్నరొట్టె, గట్క. వరియన్నము పండుగ నాటిది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిదప అది దినదినాన్నమాయెను, పండుగ గౌరవము బగారన్నమునకు సంక్రమించెను. తలకాయ కూర, బోటి మాత్రము తమ పదవిని విడువలేదు.

మార్పులలో విషాదకరమైనది నీటిది. పటాన్‌చెరు పారిశ్రామికవాడ పెరిగిన కొలది కర్మాగారముల వ్యర్థజలములు నక్కవాగున బడి, వాగు వెంబడి పొలములను బావులను చెరిచి మంజీర వైపు సాగెను. 1990లో ఈ వ్యవహారము సుప్రీముకోర్టున వ్యాజ్యమాయెను. ఏ ఊరి నీరు మంచిదో వ్రాసియుంచిన వీరాస్వామయ్య ఈ వాగు చూచియుండిన ఇక్కడ మజిలీ వేయవలదని తప్పక వ్రాసియుండును.

అయితే ఆయన మన సంగారెడ్డి దిక్కునకు రాలేదు. ఆయన బాట మనకు తూర్పుగా సాగిపోయినది. కచ్చడపు బండి కట్టుకొని ఇస్మాయిల్‌ఖాన్‌పేటకో ఏడుపాయలకో పోయిన రైతుల పయనమును వ్రాసినవాడు లేడు. ఇంట పెద్దవారున్న పాఠకులు వారినడిగి, బండిలో ఏమేమి కట్టుకొని పోయెడివారో, ఏ బావి నీరు త్రాగెడివారో, ఎవరు వండెడివారో, ఈ ఏడాదియే వ్రాసియుంచుడని ప్రార్థన.