డాబా మీది గొట్టాలు

"కొద్దిగ ఎడమకు... ఆగాగు, పోయింది. మళ్ల ఎన్కకు తిప్పు!" డాబా మీద బాపు, దర్వాజ కాడ అమ్మ, టీవీ ముందు మేం పిల్లలం. 1980లలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో పెరిగినవాళ్లకు ఈ సంభాషణ కొత్త కాదు.

హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. తిన్నగా గీత గీస్తే అక్కడికి సిరిసిల్ల సుమారు 115 కిలోమీటర్లు, జగిత్యాల, కోరుట్ల 160. టీవీ తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరే పోతాయి, ఆపైన భూమి వంపు అడ్డం. లెక్క ప్రకారం మాకు బొమ్మ రాకూడదు. కానీ దుబాయి పోయినోళ్లు కలర్ టీవీలు మోసుకొచ్చారు (అక్కడా ఇక్కడా పాల్ పద్ధతే, అదొక అదృష్టం). పెట్టె ఉంది, బొమ్మ లేదు. మరేం చేస్తారు? గొట్టాలను ఇంకా ఎత్తుకు లేపారు. చలికాలపు రాత్రుల్లో నేల చల్లబడి పైన వెచ్చటి గాలి పొర నిలిస్తే తరంగాలు వంగి దూరం వస్తాయి. ఆ రాత్రి బొమ్మ పడేది. వీధిలో లూనా పోతే మళ్లీ చుక్కలే.

ఆ గొట్టాల అమరికను 1926 ప్రాంతంలో జపాన్‌లో షింతారో ఉడా ప్రయోగాలతో తేల్చాడు. వెనక ఒక పొడుగుది, నడుమ తీగ తగిలించినది, ముందు వరుసగా పొట్టివి. అన్ని దిక్కులనూ వదులుకుని ఒక్క దిక్కునే గట్టిగా వినడం దాని పని. 1928లో దాన్ని ఇంగ్లిషులో లోకానికి చెప్పింది ఆయన పైవాడైన హిదెత్సుగు యాగి. పేరు యాగిదే నిలిచింది. రాసినవాడికే చరిత్ర. మా ఊళ్లలో టేపుతో కొలిచి, రంపంతో కోసి, ఒకటి రెండు గొట్టాలు ఎక్కువ తగిలించిన రేడియో మెకానిక్కులు ఏమీ రాయలేదు. 1984 నుంచి దేశమంతటా చిన్న ట్రాన్స్‌మిటర్లు వచ్చాయి, తర్వాత కేబుల్. గొట్టాలు పాత సామాన్లోడి తక్కెట్లోకి పోయాయి.

వైఫై అదే లెక్కను చిన్నగా చేసింది. 200 మెగాహెర్ట్జ్ టీవీకి అర తరంగం 75 సెంటీమీటర్లయితే, 2.4 గిగాహెర్ట్జ్‌కు ఆరు, అంటే వేలెడు. ఆ పట్టీని మన ప్రభుత్వం 2005లో లైసెన్సు నుంచి విడిచిపెట్టింది. అమెరికాలో అప్పటికే చిప్స్ డబ్బాలతో యాంటెనాలు చేసేస్తున్నారు.

కొన్నేళ్లకు మా తమ్ముడు పాలపొడి డబ్బాకు రంధ్రం చేసి, మూడు సెంటీమీటర్ల రాగితీగ లోపల నిలిపి, రెండు వీధుల అవతలి చిన్నాయన ఇంటి వైఫై పట్టబోయాడు. అందలేదు. బాపు మెట్లెక్కి వచ్చి కాసేపు చూసిండు.

"వానకు తడిసిన చింతచెట్టుకేసి పట్టినవేందిరా? పక్కకు జరుపు."

రెండు గీతలు వచ్చాయి.