పాఠశాల వాకిట నిలిచిన బాలుడు

చిత్రమునందు హృదయము తెలియవలెనన్నచో ముఖము చూడవలెనని మనమందరము తలంతుము. ముఖమే చూపక మనసు కరగించిన పటమొకటి గలదు. నికొలాయ్ బొగ్దానవ్-బేల్‌స్కీ అను రష్యను చిత్రకారుడు 1897లో రచించిన ఆ పటమునకు “పాఠశాల వాకిట” అని పేరు. అది సెయింట్ పీటర్స్‌బర్గునందలి రష్యన్ మ్యూజియమున నున్నది.

చిరుగుల బట్టలు ధరించిన పల్లెబాలుడొకడు కఱ్ఱయు, సంచియు గొని గడపకడ నిలిచియున్నాడు. లోపల బాలురు బల్లలకడ చదువుకొనుచున్నారు. వాడు లోనికి పోలేదు, వెనుకకు మరలలేదు. మనకు గానవచ్చునది వాని వీపు మాత్రమే.

ఈ చిత్రకారుడు 1868లో స్మొలెన్‌స్క్ ప్రాంతమున నొక నిరుపేద కూలిస్త్రీకి జన్మించెను. ఆ ప్రాంతమందలి తాతెవో గ్రామమున రాచిన్‌స్కీ యను పండితుడు రైతుబిడ్డలకై పాఠశాల నడపుచుండెను. ఆయన మాస్కో విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రాచార్యుడు. డార్విను గ్రంథమును రష్యనులోనికి తెచ్చినవాడు. ఆ పదవి విడిచి పల్లె చేరెను. బేల్‌స్కీ అచ్చటనే చదివెను. 1895లో ఆ పాఠశాలనే చిత్రించెను. అందు రైతుబాలురు నల్లబల్లమీది లెక్కను నోటితో కట్టుచుందురు: 10 మొదలు 14 వరకుగల సంఖ్యల వర్గములను కూడి 365చే భాగింపవలెను. ఫలము 2. లోపలి సంతోషమును చూపిన రెండేండ్లకు ఆయన గడపయొద్దకు వచ్చెను.

రష్యాలో భూస్వాముల దాస్యమునుండి రైతులు 1861లో విముక్తులైరి. కాని అక్షరము వారికి దానితోపాటు రాలేదు. ఈ చిత్రము రచించిన యేటనే జరిగిన జనాభాలెక్కలో చదువనేర్చినవారు నూటికి 21 మందియే.

బాలుని ముఖము చూపియున్నచో మనము జాలిపడి మరచియుందుము. వీపు చూపుటచే మనమును వానివెనుక, వెలుపలి మెట్టుమీదనే నిలువవలసివచ్చినది; వాని కన్నులతోనే లోపలికి చూడవలసివచ్చినది. ఈ చిత్రమందలి మార్దవము ఇదియేయని మా తలంపు.

మఱియొక సంగతి గమనింపదగును. తలుపు తెరచియే యున్నది. వలదన్నవా రెవరును గానరారు. అయినను కాలు సాగదు. బడి కట్టించి తలుపు తెరచియుంచినంతనే మనపని తీరినదని తలచువారికి ఈ బాలుడే సమాధానము. గడపకడ నిలిచినవానిని చేయిపట్టి లోనికి తీసికొనిపోవువారు కావలెను. బేల్‌స్కీకి అట్టివారు దొరికిరి. అందుచేతనే ఈ బాలుని మనము చూడగలుగుచున్నాము.