అధిక శూన్యము నుండి అత్యధిక శూన్యమునకు

మన కైకలూరుకు పొరుగు సీమలో, భీమవరం సమీపమున గొరగనమూడి అను గ్రామము కలదు. 1896లో అచట జన్మించిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు గారు సన్న్యసించి స్వామి జ్ఞానానంద అయిరి. 1947లో ఆయన ఆంగ్లమున రచించిన ఒక గ్రంథమును అమెరికాలోని వాన్ నోస్ట్రాండ్ సంస్థ ప్రచురించెను. అది వేదాంత గ్రంథము కాదు. దాని పేరు ‘హై వాక్యువా’, అనగా అధిక శూన్యములు. పాత్రలోని గాలిని తీసివేయుట ఎట్లు, మిగిలిన గాలిని కొలుచుట ఎట్లు అనునవే అందలి విషయములు.

సన్న్యాసికి ఈ యంత్రములతో పనియేమి? స్వామి గారు యూరపు వెళ్ళి భౌతికశాస్త్రము నభ్యసించి, ప్రాగ్ నగరమున ఎక్స్-కిరణ వర్ణపటములను పరిశోధించిరి. తరువాత లివర్‌పూల్‌లో, న్యూట్రాన్‌ను కనిపెట్టిన చాడ్విక్ వద్ద బీటా కిరణములపై కృషి చేసిరి. మృదువైన ఎక్స్-కిరణములను గాలి మ్రింగివేయును. బీటా కణములు గాలిలో శక్తిని కోల్పోయి దారి తప్పును. శూన్యము చేతికి రానిదే ఈ ప్రయోగములు సాగవు.

వాతావరణ పీడనము 760 టార్. 1643లో టోరిసెల్లి పాదరసపు గొట్టముపైన శూన్యమును చూపెను. 1650 ప్రాంతమున జర్మనీలో గ్వెరికె ముషలకపు పంపును నిర్మించెను. 1865లో స్ప్రెంగెల్ జారిపడు పాదరసపు బిందువుల మధ్య గాలిని బంధించి తీసివేసెను. ఆ విధమైన పంపులే ఎడిసన్ విద్యుద్దీపమునకు తోడ్పడినవి.

ఆపైన ఒక చిక్కు కలదు. కొల్లేటి చేపల చెరువును తోడునప్పుడు నీరు తానే పంపువైపు పరుగెత్తును. గాలియు మొదట అట్లే ప్రవహించును. కాని అది పలుచనైన కొలది అణువులు ఒకదానినొకటి తాకుట అరుదై, పాత్ర గోడలనే తాకుచుండును. ఇక వాటిని లాగుటకు వీలులేదు. నీటిలో మావు పెట్టి కూర్చున్న జాలరివలె పంపు వేచియుండవలెను. తిరుగుచు తిరుగుచు మూతిలో ప్రవేశించిన అణువును వెనుకకు పోనీయకుండుటయే దాని పని. 1915లో గేడే, 1916లో లాంగ్‌మ్యూర్ రూపొందించిన డిఫ్యూజన్ పంపులు ఈ పనినే చేసినవి. మరుగుచున్న పాదరసపు ఆవిరి ధారగా వచ్చి, అందు చిక్కిన అణువులను బయటి వైపునకు త్రోయును. 1928లో బర్చ్ పాదరసమునకు బదులు నూనెను వాడెను.

ఇంత మంచి పంపులుండియు, పీడనమును కొలుచు అయాన్ మాపకపు ముల్లు పది కోట్లవ వంతు టార్ వద్ద నిలిచిపోవుచుండెను. పంపుల శక్తి అంతేనని తోచుట సహజము. కాని లోహపు ఉపరితలములపై జరిగిన కొన్ని ప్రయోగములు పాత్రలో అంతకన్న మేలైన శూన్యమున్నట్లు సూచించినవి.

స్వామి గారి గ్రంథము వెలువడిన 1947లోనే అమెరికాలో నాటింగ్‌హామ్ ఒక కారణమును సూచించెను. మాపకములో ఎలక్ట్రాన్లు లోహపు జాలికను తాకినపుడు మృదువైన ఎక్స్-కిరణములు పుట్టును. అవి సంగ్రాహకమును తాకి అందుండి ఎలక్ట్రాన్లను వెడలగొట్టును. ధనాయాను వచ్చుటకును, ఎలక్ట్రాను పోవుటకును మీటరు భేద మెరుగదు. కనుక గాలి లేకున్నను ముల్లు కదలును. 1950లో బేయార్డ్, ఆల్పర్ట్ అనువారు సంగ్రాహకమును సన్నని తీగగా చేసి జాలిక నడుమ నిలిపిరి. తీగకు తగులు కిరణములు తగ్గినవి. ముల్లు వెయ్యి కోట్లవ వంతు టార్ వరకు దిగినది. పంపు ఏనాడో దాటిన హద్దును కన్ను అప్పుడు దాటినది!

తరువాత పంపులును మారినవి. 1950ల చివర వచ్చిన అయాన్ పంపు గాలిని బయటకు పంపదు. చిమ్మిన టైటానియము పొరలో పాతిపెట్టును. 1958లో జర్మనీలో బెకర్ నిర్మించిన టర్బో పంపు వేగముగా తిరుగు రెక్కలతో అణువులను త్రోయును. అయినను పాత్రను గంటల తరబడి వేడిచేసి, గోడలకంటిన తేమను వెళ్ళగొట్టనిదే అత్యధిక శూన్యము రాదు.

దీనివలన ప్రయోజనమేమి? పది లక్షలవ వంతు టార్ పీడనములో శుభ్రమైన లోహముపై ఒకటి రెండు సెకనులలోనే వాయువు పొర కప్పును. వెయ్యి కోట్లవ వంతు టార్‌లో అది కొన్ని గంటలు శుభ్రముగా నుండును. అప్పుడు గాని ఉపరితలమును పరీక్షించుటకు వ్యవధి చిక్కదు. స్వీడనులో కై సీగ్‌బాన్ బీటా వర్ణపటమాపకముల అనుభవముతోనే, ఎక్స్-కిరణములు వెడలగొట్టు ఎలక్ట్రాన్లను కొలిచి పదార్థములను విశ్లేషించు పద్ధతిని నిర్మించి, 1981లో నోబెల్ బహుమతి నందెను. నేటి ఉపరితల విశ్లేషణ పరికరములకు అత్యధిక శూన్యమే ప్రాణము.

స్వామి జ్ఞానానంద స్వదేశమునకు వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున కేంద్రక భౌతికశాస్త్ర శాఖకు పునాది వేసి, 1969లో కీర్తిశేషులైరి.

విద్యార్థులారా! వెయ్యి కోట్లవ వంతు టార్‌లో సైతము ఘన సెంటీమీటరునకు 30 లక్షలకు పైగా అణువులుండును. పూర్ణశూన్యము మనకింకను దూరమే. మీ ప్రయోగశాలలో ముల్లు ఒకచోట నిలిచిపోయినపుడు, ప్రకృతి హద్దు వచ్చినదని వెంటనే వ్రాయకుడు. అది ప్రకృతి హద్దా, మాపకపు హద్దా యని ఒకమారు అడుగుడు.